చంటిబిడ్డతో పాదయాత్ర

సూరతు నగరమునకు తూర్పుదిక్కున, కడోదరా మీదుగా బార్డోలీకి పోవు మార్గముపై పర్వత్ పాటియా అను కూడలి కలదు. పెద్దదారినుండి గ్రామమునకు మలుపు తిరుగు చోటును గుజరాతీలు పాటియా అందురు. పర్వత్ అను గ్రామము ఏనాడో నగరములో కలిసిపోయినది. మలుపు పేరు మాత్రము నిలిచినది. ఈ ప్రాంతమునను, పొరుగుననున్న లింబాయత్ మొదలైన పేటలలోను వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ జిల్లాలనుండి మరమగ్గముల పనికై వచ్చిన తెలుగు కుటుంబములు, ముఖ్యముగా పద్మశాలీలు, స్థిరపడి యున్నారు. వారి పిల్లలకై సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపుచున్నది.

ఇల్లు మారినను మొక్కులు మారవు. బిడ్డ కడుపున పడినప్పుడో, పురుడు కష్టమైనప్పుడో, చంటిదానికి జ్వరము తగులుకొన్నప్పుడో ఇంటిలో ఎవరో ఒకరు దేవునికి మ్రొక్కుకొందురు: ‘బిడ్డ దక్కినచో నడచివచ్చి పుట్టువెంట్రుకలు సమర్పింతుము’ అని. వేములవాడ, కొండగట్టు, తిరుమల సూరతునకు బహుదూరము. షిరిడీ దగ్గర. సూరతునుండి షిరిడీకి ఏటేట పాదయాత్ర బృందములు బయలుదేరుచుండుటచేత తోడు కూడ దొరకును. డాంగ్ జిల్లాలోని వఘై దాటి, సాపుతారా ఘాటు ఎక్కి, నాసిక్ జిల్లామీదుగా పోవు ఈ దారి రెండువందల యాభై కిలోమీటర్లకు పైబడినది. పెద్దలకిది కొలదిదినముల కష్టము. చంకనున్న బిడ్డకు ఇది ఎట్టిదో బయలుదేరుటకు ముందే విచారించవలెను.

నడచువానికి అలసట యను కాపలాదారు కలడు. కాళ్లు నొచ్చును, నోరెండును, తల తిరుగును; అప్పుడతడు చెట్టునీడ చేరును. మోయబడు బిడ్డకు ఈ కాపలా లేదు. అది నడవదు గనుక అలసినట్లు కనబడదు. దాహమని అడుగలేదు. కొంతసేపు ఏడ్చి, ఏడ్చు శక్తి తగ్గినపిమ్మట మౌనముగా ఉండిపోవును. ‘బంగారుతల్లి, దారిపొడుగునా నిద్రపోయినది’ అని పెద్దలు మురియుదురు. ఎండలో గంటలతరబడి కదలక నిద్రించు శిశువు హాయిగా ఉన్నదని తలచుట ఈ యాత్రలో జరుగు పొరపాట్లలోకెల్ల ప్రమాదకరమైనది.

శిశువునకు ఎండ ఏల ఎక్కువ?

శిశువు చిన్నపరిమాణముననున్న పెద్దమనిషి కాదు. పుట్టిన బిడ్డ బరువులో సుమారు నాల్గింట మూడువంతులు నీరే. బరువుతో పోల్చినచో చర్మపు వైశాల్యము పెద్దలకన్న చాల ఎక్కువ. అందుచే బయటి వేడి శీఘ్రముగా లోనికి చేరును. చెమటపట్టి శరీరమును చల్లబరచుకొను శక్తి ఇంకను సరిగా ఏర్పడి యుండదు. దీనికితోడు, నడచుచున్న తల్లి శరీరము కాగిన పొయ్యివలె వేడి వెలువరించుచుండును. బిడ్డ ఆమె రొమ్మునకు అంటుకొని యుండును. పైన ఎండ తగులకుండ కొంగు కప్పబడి యుండును. ఎండ తగులదు నిజమే, గాలియు తగులదు. కొంగుచాటున వేడి బయటికంటె మించిపోవును. సూరతు సముద్రతీరమునకు సమీపముననున్నందున గాలిలో తేమ అధికము. చెమట పట్టినను ఆరదు, ఆరనిదే శరీరము చల్లబడదు.

ఇంటిలోనున్న శిశువులకే వేడి ఎంత కీడు చేయగలదో గుజరాతు రాష్ట్రమున ఒక దృష్టాంతము కలదు. 2010 మే మాసమున అహమ్మదాబాదులో తీవ్రమైన వడగాడ్పులు వీచెను. అచటి ఒక పురపాలక ఆసుపత్రిలో ప్రసూతి వార్డు పై అంతస్తున ఎండకు కాగు కప్పుక్రింద ఉండెడిది. నవజాత శిశువులు జ్వరముతోను, శరీరపు నీరు తగ్గుటచేతను జబ్బుపడుచుండుట వైద్యులు గుర్తించి, ఆ వార్డును క్రింది అంతస్తునకు మార్పించిరి. అటుపిమ్మట అట్టి కేసులు తగ్గెను. ఆ నగరము 2013లో వేసవి తాప నివారణ ప్రణాళికను అమలులో పెట్టినది. ఆ శిశువులు ఎండ మొగము చూడలేదు, మంచముమీదనే ఉండిరి. తారురోడ్డుపై మోయబడు బిడ్డ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కాబట్టి శ్రీరామనవమికి షిరిడీ చేరునట్లు చైత్రమాసపు ఎండలో సాగు యాత్ర చంటిబిడ్డకు తగినది కాదు. నడువదలచినవారు మార్గశిర పుష్యమాసములను ఎన్నుకొనుట మేలు. అప్పుడైనను ప్రొద్దు పైకెక్కిన పిదప, సాయంకాలమగువరకు, బిడ్డను దారిపై ఉంచరాదు. ఆరునెలలు నిండని శిశువును, నెలలు తక్కువగా గాని రెండున్నర కిలోలకన్న తక్కువ బరువుతో గాని పుట్టి ఇంకను పుంజుకొనని శిశువును, ఇటీవల విరేచనములతో బాధపడిన శిశువును ఏ కాలమునను ఇంత దూరము నడకన తీసికొని పోరాదు. తల్లి రక్తహీనతతో నున్నను, శస్త్రచికిత్సతో ప్రసవించి కోలుకొనుచున్నను ఇంతే.

అయినచో మొక్కు? మ్రొక్కుకొన్నవారు పెద్దలు, నడక అప్పు వారిది, బిడ్డది కాదు. తండ్రి నడచిపోయి, తల్లీబిడ్డలు బస్సులో షిరిడీ చేరి కలిసికొన్నచో మొక్కు చెల్లినట్లే భావించు కుటుంబములు అనేకము కలవు. ఏడాది ఆగి, బిడ్డకు మూడవయేట వెంట్రుకలు తీయించుటయు మన ఆచారమున ఉన్నదే. అవ్వలు దీనికి అడ్డు చెప్పుదురని కోడండ్రు భయపడుట కలదు గాని, అడిగి చూచినచో బిడ్డ క్షేమమును కోరువారిలో వారే ముందుందురు.

పాలు, నీరు

ఆరునెలలలోపు శిశువునకు తల్లిపాలు తప్ప మరేదియు, మంచినీరు సైతము, ఇయ్యరాదు. వేసవిలో నీరు పట్టనిచో బిడ్డ నాలుక ఎండునను భయము సర్వసాధారణము. తల్లిపాలలో నూటికి ఎనుబదియేడు వంతులకు పైగా నీరే. ఎండ హెచ్చినప్పుడు బిడ్డ మాటిమాటికి పాలకు వచ్చును; వచ్చినప్పుడెల్ల ఇచ్చినచో దాహము తీరును. నీళ్లు పట్టినచో చిన్న కడుపు నిండి పాలు తగ్గును, దారిలోని కలుషితజలముతో విరేచనములు పట్టుకొనును.

అయితే తల్లికి పాలు ఎచటనుండి వచ్చును? ఆమె త్రాగిన నీటినుండి, తిన్న అన్నమునుండి. పాలిచ్చు తల్లికి తొలి ఆరునెలలలో దినమునకు 600 కాలరీలు, పిదప 520 కాలరీలు అదనముగా కావలెనని భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. ఇవి నడక లేనప్పటి లెక్కలు. ఉపవాసముండి నడచెదనను తల్లి తన నోటికి గాక బిడ్డనోటికి తాళము వేయుచున్నది. ఆమె దాహమగువరకు ఆగక, పాలిచ్చిన ప్రతిసారి తానును నీరు త్రాగవలెను. బృందము ముందుకు సాగిపోవునను సంకోచముచేత, పరపురుషుల మధ్య పాలిచ్చుటకు చోటులేమిచేత, తల్లులు పాలిచ్చు వేళలను దాటవేయుదురు. కనుక బయలుదేరుటకు ముందే బృందపు పెద్దలతో మాట్లాడి, రెండు గంటలకొకసారి ఆగునట్లు ఒప్పించుకొనవలెను. బిడ్డ ఆకలినిబట్టి మజిలీ ఏర్పడవలెను గాని, మజిలీనిబట్టి ఆకలి కాదు. మహారాష్ట్రమున పంఢరపురమునకు పోవు వారీ యాత్రలో ఇటీవలి సంవత్సరములలో పాలిచ్చు తల్లులకై ‘హిరకణీ’ గదులు ఏర్పరచుచున్నారు. పాలమ్ముటకు రాయగడ దుర్గమునకు వచ్చి, సంజవేళ తలుపులు మూసివేయగా, ఇంటనున్న చంటిబిడ్డకై నిట్రమైన కొండచరియను దిగిపోయెనని చెప్పుకొను గొల్లవనిత పేరు హిరకణి. ఆ సదుపాయము లేని దారిలో ఇద్దరు స్త్రీలు పట్టుకొన్న దుప్పటి చాలును.

ఆరునెలలు దాటిన బిడ్డకు తల్లిపాలతోపాటు మెత్తని ఆహారము కావలెను. దారిపొడుగునా భక్తులు నడపు అన్నదాన శిబిరములలో దొరకు పూరీలు, కారపు కూరలు, ఎండలో నిలిచిన పాలకోవాలు, మజ్జిగ బిడ్డకు పనికిరావు. వేయించి విసిరిన బియ్యము పెసరపప్పుల పొడిని ఇంటినుండి తీసికొనిపోయి, ఆగినచోట మరగించిన నీటితో జావ కాచి, వేడిగా ఉన్నప్పుడే గిన్నె చెంచాలతో పెట్టవలెను. మిగిలినది దాచరాదు. పాలసీసాను ఇంటనే విడిచిపెట్టవలెను. దారిలో దానిని శుభ్రపరచుట అసాధ్యము. పూర్వపు ఉగ్గుగిన్నె సీసాకంటె వేయిరెట్లు మేలు. ఒక సంవత్సరము నిండువరకు తేనె నాకించరాదు. పంచామృతములో తేనె యుండును గనుక అదియు వలదు. కొన్ని సూక్ష్మజీవుల బీజములు తేనెలో ఉండి, శిశువు ప్రేవులలో మొలకెత్తి విషము పుట్టించును. ప్రసాదముగా ఇచ్చు వేరుసెనగ గింజలు, పుట్నాలు గొంతులో అడ్డుపడును. దానిని పెద్దలు కండ్లకద్దుకొని తామే తినవలెను.

విరేచనములు పట్టినచో

దారిలో శిశువునకు ఎక్కువగా వచ్చు జబ్బు ఇదియే. జబ్బుకన్న నీరు పోవుటయే ప్రాణాంతకము. పోయిన నీటిని తిరిగి ఇచ్చు మార్గము ఓ.ఆర్.ఎస్. ద్రావణము. దీని విలువ లోకమునకు తెలిసినదియు దారిపట్టిన జనముల మధ్యనే. 1971లో తూర్పు బెంగాలునుండి పిల్లలను ఎత్తుకొని నడచివచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శిబిరము నిండిపోయెను, కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను అయిపోవుచుండగా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లములు కట్టించి, ఆ నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదివరకు ఉన్న మరణములు నాలుగుకన్న తక్కువకు దిగెను. నేలపై కూర్చున్న తల్లి గిన్నె పట్టుకొని చేసిన వైద్యమిది.

ఆ పొట్లములు నేడు ఆరోగ్య కేంద్రములలోను, ఆశా కార్యకర్తవద్దను ఉచితముగా లభించును. పెద్ద పొట్లము 20.5 గ్రాములది, దానిని పూర్తిగా ఒక లీటరు నీటిలో కలుపవలెను. కొంచెము పొడి, కొంచెము నీరు అని కంటికొలతతో కలుపుట హానికరము. అంగళ్లలో చిన్న పొట్లములు కూడ ఉండును గనుక దానిపై వ్రాసిన నీటికొలత చదువవలెను. కలిపిన ద్రావణము ఇరువదినాలుగు గంటలు దాటినచో పారబోయవలెను. రెండు నెలల నుండి రెండేండ్ల వయసు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 మొదలు 100 మిల్లీలీటర్లవరకు చెంచాతో కొద్దికొద్దిగా పోయవలెను. వాంతియైనచో పదినిముషములాగి మరల మెల్లగా మొదలిడవలెను. తల్లిపాలు ఆపరాదు. జింకు మాత్రను ఆరునెలలలోపు బిడ్డకు 10 మిల్లీగ్రాములు, ఆపై బిడ్డకు 20 మిల్లీగ్రాములచొప్పున పదునాలుగు దినములు ఇయ్యవలెను. విరేచనములు కట్టినను నడుమ మానరాదు. పొట్లము దొరకనిచోట లీటరు మంచినీటికి ఆరు తలకొట్టిన చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపవచ్చును. డబ్బాలలో అమ్ము తీపి పానీయములు మందు కావు.

మోయు విధము, దారి

జోలెలో బిడ్డ నిటారుగా, మోయువారి రొమ్మువైపు మొగము పెట్టి యుండవలెను. తల వంచినంతనే బిడ్డ మొగము కనబడవలెను; గడ్డము రొమ్మున కూరుకొనిపోక, క్రింద రెండు వ్రేళ్ల సందు మిగులవలెను. మెడ వంగినచో చిన్న శ్వాసనాళము మడతబడి, చప్పుడు లేకయే ఊపిరి ఆగును. తొడలు రెండును ఎడముగా, క్రింద ఆనికతో ఉండవలెను. ఇక బట్ట. సూరతు మగ్గములపై వెలువడునది ఎక్కువగా పాలియెస్టరు మొదలగు కృత్రిమ దారముల బట్ట. అది చెమటను పీల్చదు, గాలిని పోనీయదు. పట్టుకొన్నంతనే నేతగానికి తెలియు భేదమే ఇది. బిడ్డకు పలుచని నూలు బట్టయే తగును. తల్లి, తండ్రి, మేనమామ వంతులవారీగా ఎత్తుకొనవలెను. చెమటతో తడిసిన బట్ట మార్చవలెను. బృందము వెంట సామానుల టెంపో పోవునట్లయిన, ఒక పెద్దావిడతో బిడ్డను అందు మజిలీకి మజిలీ పంపుట అన్నిటికన్న ఉత్తమము. ఆగియున్న బండిలో మాత్రము నిమిషమైనను ఒంటరిగా విడువరాదు.

దారిలో లారీల భయము ఎండకు తక్కువైనది కాదు. 2022 సెప్టెంబరులో అరవల్లి జిల్లా మాల్పూరువద్ద, అంబాజీకి నడచిపోవుచున్న యాత్రికులపైకి కారు దూసుకొనివచ్చి పలువురు మరణించిరి. ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడివైపు అంచున నడువవలెను. ఎండ తప్పించుకొనుటకు రాత్రి నడచు బృందములలో బిడ్డ నుండరాదు. అడవిదారి భయములును కలవు: తిరుమలకు పోవు అలిపిరి మెట్లదారిలో 2023 ఆగస్టున ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడినది. ఆ దారి తొమ్మిది కిలోమీటర్లు మాత్రమే.

వఘై దాటినపిదప డాంగ్ అడవులు మొదలగును. ఊళ్లు పలుచన; జిల్లా ఆసుపత్రి యున్న ఆహ్వా ఈ దారిపై లేదు, ప్రక్కకు పోవలెను. సాపుతారా వేయి మీటర్లకు చేరువైన ఎత్తున ఉన్నందున పగలు చెమటపట్టిన బిడ్డ రాత్రి చలికి వణకును. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, దోమతెర దగ్గర నుంచుకొనవలెను. ఈ భాగమును మాత్రము బిడ్డతో బస్సున దాటుట వివేకము.

నిద్రపుచ్చు మందులు

1920 దశకమున బొంబాయి మిల్లులలో పనిచేయు స్త్రీలలో అనేకులు నల్లమందు కలిసిన బాలగోళీలు మ్రింగించి బిడ్డలను నిద్రపుచ్చి పనికి పోవుచుండిరని ఆనాటి వైద్యులు వ్రాసియున్నారు. వారిని నిందించి ప్రయోజనము లేదు. బిడ్డను చూచు దిక్కు లేకపోయెను. నేడు ఆ గోళీల స్థానమును దగ్గుమందు సీసా ఆక్రమించుచున్నది. ‘దారిలో ఏడ్వకుండ రెండు చుక్కలు’ అను సలహాను ఎవరు చెప్పినను వినరాదు. మత్తులోనున్న బిడ్డ పాలకు లేవదు, వేడికి ఏడ్వదు. ఊపిరి సైతము మందగించును. ఏడ్పు బిడ్డకున్న ఒకే ఒక భాష.

ఎప్పుడు ఆగవలెను?

బిడ్డను ప్రతి గంటకు లేపి చూడవలెను. దినమునకు ఆరుసార్లయినను మూత్రము పోయుచున్నచో నీరు చాలుచున్నదని గ్రహించవచ్చును. ఆరుగంటలు పోయకున్నను, మాడు గుంటపడినను, కండ్లు లోతుకు పోయినను, పొట్టపై చర్మమును చిటికెతో పట్టి విడిచినప్పుడు వెంటనే యథాస్థితికి రాకున్నను శరీరము ఎండుచున్నదని అర్థము. పాలు కుడువకున్నను, లేపినను లేవకున్నను, మూర్ఛ వచ్చినను, నిమిషమునకు ఊపిరి రెండునెలలలోపు బిడ్డకు 60, సంవత్సరములోపు బిడ్డకు 50 సార్లు గాని అంతకు మించి గాని ఆడుచున్నను, రెండునెలలలోపు బిడ్డకు ఏ కొంచెము జ్వరము తగిలినను యాత్రను అక్కడనే ఆపి 108కి టెలిఫోను చేయవలెను. ఈ అంబులెన్సు గుజరాతునను, మహారాష్ట్రమునను ఒకే సంఖ్యపై వచ్చును. అది వచ్చులోపల బిడ్డను నీడకు చేర్చి, బట్టలు విప్పి, మామూలు నీటితో ఒడలు తుడిచి, విసరుచుండవలెను. మంచునీరు గాని, సారాయి గాని పూయరాదు.

బయలుదేరుటకు రెండువారముల ముందే బిడ్డ టీకాల కార్డును ఆరోగ్య కేంద్రమున చూపించవలెను. ఆరు, పది, పదునాలుగు వారముల టీకాలును, తొమ్మిది నెలలు నిండినపిమ్మట వేయు తట్టు, రుబెల్లా టీకాయు పడియుండవలెను. దర్శనపు వరుసలో వేలమంది ఊపిరుల మధ్య తట్టు సోకుట సులభము. పర్వత్ పాటియావారికి ఉమర్వాడలోని స్మిమేర్ పురపాలక ఆసుపత్రి చేరువ.

షిరిడీ చేరి తల నీలాలు ఇచ్చునప్పుడు మంగలిచేత క్రొత్త బ్లేడును కండ్లయెదుట విప్పించవలెను; చేతులు సబ్బుతో కడిగించవలెను. బిడ్డ నిద్రలేచి, పాలు త్రాగి, నెమ్మదిగా ఉన్న వేళ చూచుకొనవలెను. గాటు పడినచో శుభ్రమైన నీటితో కడిగి అదిమిపట్టవలెను, ఆ గాటుపై చందనము పూయరాదు. అంతవరకు వెంట్రుకలు కాచిన మాడునకు ఇప్పుడు ఎండ నేరుగా తగులును. కనుక గుండు చేయించినది మొదలు తడిపి పిండిన నూలుగుడ్డ గాని పలుచని టోపీ గాని తలపై నుంచి, తిరుగుప్రయాణము బస్సులోనే, ప్రొద్దువాలినపిదప చేయవలెను.